పంతులమ్మగారి బావి, బజారు కాలువ

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు కూర్చుని, చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "సర్, ఏ పుస్తకం చదవమంటారు?" పుస్తకాలు కాలేజీలో ఎలాగూ చదివించారు. వాన పడుతున్నప్పుడు బయటికి వెళ్ళి చూడమని చెబుతాను. వాళ్ళు నవ్వేస్తారు, ముసలాయన చమత్కారం అనుకుని. నేను నిజంగానే చెబుతున్నాను. ఎండలో చూస్తే ఊళ్ళో ప్రతి కాలువా బుద్ధిగానే ఉంటుంది. గొడుగు వేసుకుని కాలువ వెంట నడిచిన ఇంజనీర్లని నా సర్వీసు మొత్తంలో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

నేను చేసిన పని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మురుగునీళ్ళూ వాననీళ్ళూ ఒకే దారిలో పోతుంటే వాటిని విడదీయడం, విడదీయడం కుదరని చోట అవి పొర్లి జనం మీద పడకుండా చూడటం. పెద్ద నగరంలో చాలా ఏళ్ళు అదే చేశాను. అక్కడ మనిషి నిలబడి నడిచేంత గొట్టాలు, పంపులు, గోడంత ప్లాన్లు. కాని ఆ విద్య నాకు అబ్బింది నూజివీడులో, ఒక బజారు కాలువ దగ్గర. అరవయ్యో దశకం తొలి సంవత్సరాల మాట. ప్రమోషన్ల సంగతులు రాయను. అవి నాకే గుర్తు లేవు. ఆ కాలువ మాత్రం బాగా గుర్తుంది.

ఇంట్లో నచ్చని ఉద్యోగం

మాది మైలవరం. నాన్నగారు గుళ్ళో అర్చకులు. నేను ఓవర్సీరు చదువు పూర్తిచేసి కాలువల శాఖలో చేరానని తెలిసిన రోజున అమ్మ అన్నం తినలేదు. "రోడ్లు వేసే ఉద్యోగం దొరకలేదట్రా నీకు? వంతెనలు కట్టే ఉద్యోగం దొరకలేదూ?" అని ఒకటే గొడవ. సెలవుకి వెళ్ళినప్పుడల్లా దొడ్డివైపు గుమ్మం దగ్గర బకెట్టు నీళ్ళతో సిద్ధంగా ఉండేది. స్నానం చేస్తేగాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. నాకు కోపం వచ్చేది. అందరి ఇళ్ళలోంచీ పోయే నీళ్ళే కదా, వాటి సంగతి చూసేవాడు ఒక్కడే అంటరానివాడైపోయాడా అని వాదించేవాణ్ణి. నాన్నగారు మాత్రం ఒకసారి నవ్వి, "పోనీలేవే, వాడు కాలువలో దిగినట్టు మాట్లాడుతున్నాడు గాని దిగేవాళ్ళు వేరే ఉన్నారు" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, నిజం కనుక. కాలువల్లో దిగే పనివాళ్ళ ప్రాణాల మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ ఉద్యోగంలో బుద్ధి ఉన్నవాడు చేయాల్సిన మొదటి పని వాళ్ళు దిగాల్సిన అవసరాన్ని తగ్గించడం.

చెత్తా వానా ఒకే రోజు

అప్పట్లో ఆ బజారుకి ఒకటే రాతి కాలువ. దుకాణాల ముందునుంచి సాగి, పల్లంలో ఉన్న దిగువ వీధి మీదుగా పొలాల్లోకి పోయేది. ఇళ్ళలో వాడిన నీళ్ళూ అందులోకే, చూరుమీంచి జారిన వాననీళ్ళూ అందులోకే. మామూలు రోజుల్లో అడుగున సన్నగా పారుతుండేది. వాన వస్తే మాత్రం బజారులో నిండి, దిగువ వీధిలో పొర్లేది.

ఆఫీసులో ఏటా జూన్ మొదట్లో పూడిక తీయించేవాళ్ళు. తీసిన పూడిక అంతా కాలువ గట్టునే కుప్పలు పోసేవాళ్ళు, ఎండిన తర్వాత బళ్ళకెత్తవచ్చని. అది ఎండేలోపు వాన వచ్చి కుప్పని మళ్ళీ కాలువలోకి తోసేది. ఏటా ఇదే తంతు. తీసినవాళ్ళకీ తెలుసు, తీయించినవాళ్ళకీ తెలుసు. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేశారు కనుక ఎవరికీ తప్పు కనపడలేదు.

అసలు సంగతి, మామిడి ఊళ్ళో మొదటి వాన జూన్‌దాకా ఆగదు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలివాన లేస్తుంది. తోటల్లో కాయ జలజలా రాలిపోతుంది. ఆ రాలిన కాయని పచ్చళ్ళకైనా అమ్ముకుందామని విస్సన్నపేట వైపునుంచి బళ్ళమీద బళ్ళు బజారులోకి వచ్చిపడతాయి. పగిలిన కాయ, తడిసిన గడ్డి, ఆకు, అన్నీ కాలువలోకే. ఏడాది మొత్తంలో కాలువకి చెత్త ఎక్కువగా వచ్చేదీ నీళ్ళు ఎక్కువగా వచ్చేదీ ఒకే రోజు. మేమేమో నెల తర్వాత తీరిగ్గా పూడిక తీసేవాళ్ళం.

గ్లాసు నీళ్ళు

దిగువ వీధిలో సీతారత్నంగారని ఎలిమెంటరీ స్కూలు టీచరు ఉండేవారు. ఊళ్ళో అందరికీ పంతులమ్మగారు. ఆవిడ ఇంటి ముందు ఒక బావి. వీధి మొత్తానికి తాగే నీళ్ళు అవే. బజారు అవతల ఇంకో బావి ఉంది గాని ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పప్పు కూడా ఉడకదు. నేను చేరిన ఏడాది మే గాలివానకి కాలువ పొర్లి ఆ బావిలో మురుగు దిగింది. వారం తిరక్కుండా వీధిలో వాంతులు, విరేచనాలు. పంతులమ్మగారి పక్కింట్లో ఉండే కోటయ్య భార్య చనిపోయింది. చిన్నపిల్ల, పెళ్ళై రెండేళ్ళు కూడా కాలేదు. ఆ ఇంటిముందు నిలబడాల్సి వచ్చినప్పుడు నాకు తలెత్తి చూడటానికి సిగ్గేసింది. కొత్తగా చేరినవాణ్ణే కావచ్చు, ఆ కాలువ నాది.

మా పై ఆఫీసరు సూర్యనారాయణగారు వీధి చూసి వెళ్ళి, బావి మట్టితో పూడ్చేయమని ఆర్డరు వేశారు. ఆయన చెడ్డవాడు కాదు. లెక్కలో దిట్ట, పనిలో శుభ్రం. ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడ ఏదో ఒకటి మూసేయడం ఆయన పద్ధతి. బావి మూసేస్తే బావిలో మురుగు దిగదు, ఫిర్యాదు రాదు. జనం ఏ నీళ్ళు తాగుతారన్నది ఇంకో శాఖ చూసుకుంటుంది.

మర్నాడు పంతులమ్మగారు ఆఫీసుకి వచ్చారు. చేతిలో మరచెంబు, ఒక ఇత్తడి గ్లాసు. ఆయన బల్లమీద గ్లాసు పెట్టి చెంబులోంచి నీళ్ళు వంచారు.

"ఏంటండీ ఇది?" అన్నారు సూర్యనారాయణగారు.

"మా బావి నీళ్ళండీ. తాగి చూడండి."

"అమ్మా, అవి తాగకూడదనే కదా పూడ్చమన్నాను."

"బావి మంచిదేనండీ. మా అత్తగారి అత్తగారు తాగిన బావి. మీ కాలువ చెడ్డది. రోగం కాలువకొస్తే బావిని పూడుస్తానంటారేంటి?"

ఆయన మొహం ఎర్రబడింది. గ్లాసు వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నారు. ఆవిడ చెంబు తీసుకుని వెళ్ళిపోయారు. గ్లాసు మాత్రం వదిలేశారు. సాయంత్రందాకా ఆ నీళ్ళు బల్లమీదే ఉన్నాయి. నేను వెళ్ళి, "సార్, ఒక్క ఏడాది టైమివ్వండి. కాలువ సంగతి నేను చూస్తాను" అన్నాను.

ఆయన గ్లాసు పక్కకి జరిపారు. "చూడు శర్మా, వచ్చే వేసవి గాలివానకి ఆ బావిలో మళ్ళీ మురుగు దిగిందంటే మర్నాడే మట్టి తోలిస్తాను. అప్పుడు నువ్వూ నోరెత్తకూడదు, ఆ పంతులమ్మా నోరెత్తకూడదు."

సరేనన్నాను. అప్పటిదాకా ఆ నీళ్ళు కాచి తాగమని వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పి, బావిలో బ్లీచింగ్ వేయించాను. బావి ఒర ఎత్తు పెంచితే సరిపోదా అని మీరడగచ్చు. పల్లపు వీధిలో మురుగు మడుగు కడితే అది ఒర రాళ్ళ సందుల్లోంచే దిగుతుంది. నీళ్ళు వీధిలోకి రాకూడదు, అంతే.

పెరడు తడవకూడదు

జూన్‌లో వాన వచ్చిన మొదటి రోజు గొడుగు వేసుకుని బజారంతా నడిచాను. దుకాణాల వాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. సగం దూరం నడిచేసరికి ఒక విషయం కళ్ళబడింది. ఏ ఇంటికైనా సగం చూరు వీధిలోకి కారుతుంది, సగం పెరట్లోకి కారుతుంది. ఇక్కడ ప్రతి దుకాణానికీ పెరటివైపు చూరు కింద రేకు దోనె కట్టి, ఆ నీళ్ళని కూడా పక్క గోడమీదుగా ముందుకి తిప్పి వీధి కాలువలో పడేస్తున్నారు. అంటే కాలువ మోయాల్సిన దానికి రెట్టింపు నీళ్ళు మోస్తోంది.

బజారులో పెద్ద షావుకారు సుబ్బయ్యగారు, మామిడికాయల వ్యాపారి. ఆయన కొట్లోకి వెళ్ళి అడిగాను.

"ఇది అందరికీ తెలిసిన సంగతే గదండీ" అన్నారాయన, నన్ను చూసి జాలిపడుతూ. "పెరట్లో గడ్డిలో కాయ మాగేస్తాం. చుక్క నీరు పడిందా, గడ్డి చెమ్మగిల్లి కాయ మచ్చపడుతుంది. అందుకని మా నాన్న హయాంలోనే దోనెలు కట్టించాం. మమ్మల్ని చూసి అందరూ కట్టించుకున్నారు."

"మరి అంతకుముందు పెరటి నీళ్ళు ఎక్కడికి పోయేవండీ?"

"వెనకాల పాత వానకాలువ ఉండేదిలెండి, చెరువులోకి. ఇప్పుడది లేదు."

పెరట్లోకి తీసుకెళ్ళి చూపించారు. కాలువ లేకపోవడమేమిటి, నిక్షేపంలా ఉంది. పైన బండలు పరిచి గంపలు పేర్చుకున్నారు. బండ సందులోంచి చూస్తే లోపలంతా కుళ్ళిన గడ్డి, టెంకలు. మాగేసిన గడ్డి పాడైనప్పుడల్లా ప్రతి షావుకారూ తన పెరటి వెనక అందులో కుక్కేశాడు. వెనక కాలువ పూడింది కనుక నీళ్ళు ముందుకి తిప్పారు. నీళ్ళు ముందుకి తిప్పారు కనుక వెనక కాలువ అక్కర్లేదని ఇంకా కుక్కారు. పెరడు పొడిగా ఉంది, కాయ బాగుంది, కింద దిగువ వీధి మునిగింది. దుర్మార్గం ఎవరిలోనూ లేదు. తన పెరటి గోడ దాటి చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ కాలువ తెరవాలి, దోనెలు మళ్ళీ వెనక్కి తిప్పాలి అన్నాను. సుబ్బయ్యగారు రెండు చేతులూ అడ్డంగా ఊపారు. "మీరు కుర్రాళ్ళు, మీకు తెలీదు. సీజన్లో పెరడు తవ్వుతానంటే బజారంతా మీద పడుతుంది. మా ముందు కాలువ పెద్దది చేయించండి, ఎవరొద్దన్నారు?"

ఈ మాట మీకు నగరాల్లో కూడా వినిపిస్తుంది. ప్రతి మీటింగులోనూ ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు, కాలువ పెద్దది చేయండి అని. నమ్మకండి. కాలువ వెడల్పు చేస్తే మామూలు రోజుల్లో ఆ కాసిని నీళ్ళు పల్చగా పరుచుకుని కదలవు, అడుగున అంతా పూడిక పేరుకుంటుంది. వాన వచ్చేసరికి మీ పెద్ద కాలువ మళ్ళీ చిన్నదైపోయి ఉంటుంది. కాలువ పెంచే ముందు అందులోకి రానక్కర్లేని నీళ్ళు ఏవో చూడండి.

బొక్కెన

ఈ వాదన సుబ్బయ్యగారితో నాలుగైదుసార్లు అయ్యుంటుంది. ఆయన మర్యాదగా మజ్జిగ ఇచ్చి, మర్యాదగా కాదని పంపించేవారు. ఈలోపు మళ్ళీ పెద్ద వాన, మళ్ళీ బావిలో మురుగు. గడువు వచ్చే వేసవిదాకా కనుక సూర్యనారాయణగారు మట్టి తోలించలేదు.

ఆ మర్నాడు నేను ఆయన కొట్లోనే ఉన్నాను. పంతులమ్మగారు స్కూలుకి వెళ్ళే దారిలో వచ్చారు, చేతిలో నీళ్ళు తోడే బొక్కెనతో. గుమ్మం ముందు నిలబడి దాన్ని గట్టుమీద బోర్లించారు. మురికినీళ్ళతో పాటు కుళ్ళిన గడ్డి, రెండు మామిడి టెంకలు పడ్డాయి.

"మీ సరుకండీ సుబ్బయ్యగారూ. మా బావిదాకా వచ్చింది. తిరిగిచ్చి పోదామని తెచ్చాను."

బజారంతా చూస్తోంది. సుబ్బయ్యగారి పిల్లలిద్దరూ ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళే. ఆయన కొట్లోంచి దిగి వచ్చారు.

"పంతులమ్మగారూ, అదేం మాటండీ. నేనేమన్నా కావాలని…"

"కావాలని చేశారని నేననలేదండీ. కోటయ్య భార్య కూడా కావాలని పోలేదు."

ఖాళీ బొక్కెన పట్టుకుని స్కూలుకి వెళ్ళిపోయారు. సుబ్బయ్యగారు వంగి ఆ టెంకలు ఏరి పక్కన పెట్టారు. తర్వాత నాతో, "నా పెరడు తడవదని మాటిస్తారా?" అన్నారు. ఇస్తానన్నాను. దోనెని అక్కడితో వదలకుండా పెరటి మీదుగా రేకు గొట్టం వేసి, నేరుగా వెనక కాలువలోకి దింపవచ్చు. చుక్క కింద పడదు. సీజన్ అయిపోగానే మొదట ఆయన పెరట్లోనే అలా చేసి చూపించాం. రెండు వానలు చూశారు. గడ్డి పొడిగానే ఉంది. ఆ తర్వాత మిగతా షావుకార్లకి నేను ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆయనే చూసుకున్నారు. చలికాలం అయ్యేసరికి వెనక కాలువ చెరువుదాకా తెరుచుకుంది.

అడ్డుగోడ ఎత్తు

ఇంకో పని మిగిలింది. ఎంత విడదీసినా వీధిలో పడ్డ వాన ముందు కాలువలోకే వస్తుంది. బజారు చివర, దిగువ వీధి మొదలయ్యే చోట, ముందు కాలువ పక్కగోడని కొంత మేర తగ్గించి అడ్డుగోడలా చేసి, నీళ్ళు ఆ మట్టం దాటితే దుకాణాల వెనకనుంచి వచ్చి అక్కడ పక్కగా పోయే వానకాలువలోకి పొర్లేటట్టు కట్టాలనుకున్నాను. పొర్లితే పొర్లనివ్వాలి, కాని ఎక్కడ పొర్లాలో మనం చెప్పాలి. ఈ శాఖలో సగం తెలివి ఇంతే.

గొడవ ఆ మట్టం దగ్గర వచ్చింది. సూర్యనారాయణగారు బాగా కిందికి పెట్టమన్నారు. "కిందికి పెడితే దిగువ వీధికి చుక్క పోదు. నీకూ నాకూ తలనొప్పి ఉండదు."

"చెరువుకి పోతుంది సార్. గొడ్లు తాగే చెరువు. మొదట వచ్చే నీళ్ళే అన్నిటికన్నా మురికి. వేసవి అంతా కాలువలో కుళ్ళింది మొదటి జల్లుకే కొట్టుకొస్తుంది. అది పాత దారినే పొలాల్లోకి పోవాలి. తర్వాత వచ్చే పల్చటి నీళ్ళు పొర్లినా ఫరవాలేదు."

"అంత ఎత్తు పెట్టి రేపు వీధి మునిగితే?"

"మునగదు సార్."

అంత గట్టిగా ఎలా చెప్పానని ఇప్పటికీ కొందరు అడుగుతారు. ఏడాదంతా ప్రతి వానలోనూ ఆ కాలువ పక్కన నిలబడ్డాను కనుక అలా చెప్పాను. సూర్యనారాయణగారిలో ఒక గొప్ప గుణం ఉండేది. ఆఫీసు గదిలో ఎవరి మాటా వినరు, చోటు దగ్గరికి తీసుకెళ్తే కళ్ళారా చూసి ఒప్పుకుంటారు. బజారు చివరికి వచ్చి, గోడలమీద వానలు మిగిల్చిన మురికి చారలు చూశారు, పంచె ఎగ్గట్టి కాలువలో కర్ర దింపి చూశారు. "కట్టుకో. కాని బావి మాట మర్చిపోలేదు నేను" అన్నారు. ఇలాంటి పైవాళ్ళు దొరికితే వాళ్ళని గదుల్లో విసిగించకండి, బయటికి పిలవండి.

మే నెల

మరుసటి ఏడు పూడిక మేలోనే తీయించాం. కుప్పలు పోయకుండా అప్పటికప్పుడే బళ్ళకెత్తించాం. తర్వాత ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది.

నేను దిగువ వీధికి పరిగెత్తాను. బావి దగ్గర కోటయ్య నిలబడి ఉన్నాడు, తడిసిపోతూ. కాలువలో నీళ్ళు నల్లగా వచ్చి, అంగుళం అంగుళం లేచాయి. అడ్డుగోడ మట్టం దాకా వచ్చాయి, దాటి పక్కకి పొర్లడం మొదలైంది. హమ్మయ్య అనుకునేంతలో పొర్లడం ఆగింది. ముందు కాలువ మళ్ళీ లేస్తోంది. వానకాలువ ఎక్కడో ఎగదన్నుతోందని అర్థమైంది.

వెనకదారిన పరిగెత్తి చూస్తే, ఒక కుర్ర షావుకారు రాలిన కాయ గంపలు దింపుకోవడానికి చోటు చాలక, గడ్డి మోపులు వానకాలువలోకి తోసేశాడు. అక్కడ నీళ్ళు కట్టేసినట్టు నిలబడ్డాయి. "తీయండి!" అని నేనరుస్తుంటే గాలిలో ఎవరికీ వినపడలేదు. అప్పుడు వెనకనుంచి సుబ్బయ్యగారు వచ్చారు. బొజ్జ, ఉంగరాలు, తడిసిన సిల్కు లాల్చీ. నన్ను పక్కకి నెట్టి కాలువలోకి దిగిపోయారు.

"ఒరేయ్, నీ గడ్డి ఆవిడ బావిలో తేలాలా? దిగు! నువ్వూ దిగు!" అని ఆ కుర్రవాడి చెయ్యి పట్టి లాగారు. ఇద్దరూ మోపు తర్వాత మోపు గట్టుమీదకి విసిరారు. నేనూ దిగాను. చివరి మోపు కదలగానే నీళ్ళు మా మోకాళ్ళని తోసుకుంటూ చెరువు వైపు పోయాయి. ఆ సంవత్సరం సుబ్బయ్యగారి గడ్డి తడిసిందో లేదో నాకు తెలీదు, లాల్చీ మాత్రం పాడైంది.

నేను తిరిగి వీధిలోకి వచ్చేసరికి వాన వెలిసింది. మురుగు బావికి కాస్త ఎగువనే ఆగి, కాలువలోకి దిగిపోయినట్టు తడి గీత కనపడుతోంది. బావి చుట్టూ చప్టా మీద వాననీళ్ళు తప్ప ఏమీ లేవు. కోటయ్య ఆ గీత వైపు చూసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "ఒక్క ఏడాది ముందు చేసుంటే అయ్యగారూ" అన్నాడు.

కాసేపటికి సూర్యనారాయణగారి జీపు వచ్చింది. మట్టి తోలించడానికి వచ్చారో, చూసి పోవడానికి వచ్చారో ఆయనెప్పుడూ చెప్పలేదు. చప్టా చూశారు, తడి గీత చూశారు, నా ఒంటికంటిన గడ్డి చూశారు. పంతులమ్మగారు బావిలోంచి ఒక బొక్కెన తోడి గట్టుమీద పెట్టారు. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"అమ్మా, ఏడాది క్రితం మా ఆఫీసులో మీరొక గ్లాసు వదిలేశారు" అన్నారాయన. జేబులోంచి ఆ ఇత్తడి గ్లాసు తీశారు. తోమించి ఉంచినట్టున్నారు, మెరుస్తోంది. వంగి బొక్కెనలో ముంచి, వీధంతా చూస్తుండగా ఆ నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగేశారు. మళ్ళీ ముంచి, గ్లాసు నా చేతికిచ్చారు.